ఈశాన్య మూలలో గుడ్డు

అంతానానారివో,
6 జూన్ 2011

మామయ్యకు,

నీ మేనకోడలు వులాసువ దండాలు. ముందు కూర్చో. నిలబడి చదివితే నీకు సగమే బుర్రకెక్కుతుందని అమ్మమ్మ అంటుంది కదా. ఇది మొత్తం ఎక్కాలి.

ఇక్కడ చలి చంపుతోంది. దుప్పటి కప్పుకునే మా యూనివర్సిటీ ఎముకల గదికి వెళుతున్నాను. ఎవరి ఎముకలని అత్త మళ్లీ భయపడుతుందేమో, మనుషులవి కాదని చెప్పు. వురుంపత్రవి. మన ఇసుక దిబ్బల నిండా గుడ్డు పెంకులు పారేసిపోయిన ఆ ఎగరలేని మహా పక్షివి. మన ఇంటి చూరు పైనుంచి తొంగిచూసేంత ఎత్తు, నీ మందలో పెద్ద ఎద్దు కంటే బరువు. అలాంటిది ఒక్కటీ మిగల్లేదు.

నూట యాభై ఏళ్ల కిందట వచ్చిన తెల్లదొరలు ఈ ఎముకల్ని సైజు చూసి పంచారు. పెద్ద తొడ ఎముకలు ఒక అరలో పెట్టి మాక్సిమస్ అన్నారు. కాస్త చిన్నవి ఇంకో అరలో పెట్టి మీడియస్ అన్నారు. రెండూ వేర్వేరు జాతులని చీటీలు అంటించి వెళ్లిపోయారు. నాకూ మా రజావున మేడమ్‌కీ ఒక అనుమానం. రెండూ ఒకటే జాతి. పెద్దది పెట్ట, చిన్నది పుంజు. మొన్న ఆ రెండు ఎముకలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎవరు గుర్తొచ్చారో నీకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ఇది. అక్టోబరులో పరదేశపు ప్రయోగశాల వాళ్లు వస్తున్నారు. గుడ్డు పెంకులో గోరంత గీకితే చాలు, అది ఏ జాతిదో చెప్పగలరట. మనింట్లో ఉన్న గుడ్డు నాకు కావాలి మామయ్యా. అమ్మమ్మను నువ్వే అడగాలి. నేను అడిగితే ఏడుస్తాను, ఆవిడ తిడుతుంది, పని కాదు.

మీ
వులాసువ

*

బెతాన్తి దగ్గర మన ఊరు,
2 జూలై

చచ్చిన కోళ్ల డాక్టరమ్మకు,

మీ మామ రెమనింద్రి కూర్చునే చదివి, కూర్చునే రాస్తున్నాడు. నీ ఉత్తరం డ్రైవరు రఫాలి చొక్కా జేబులో వారం తిరిగి చెమటకు తడిసి వచ్చింది. అయినా అన్నీ అర్థమయ్యాయి. అర్థం కాకూడనివి కూడా.

గుడ్డు పెంకు అడిగావు, బస్తాడు పంపిస్తున్నాను. పిల్లలందరినీ దిబ్బల మీదకు తోలి ఏరించాను. అందులో మందపువి ఉన్నాయి, పల్చటివి ఉన్నాయి. నీకెన్ని జాతులు కావాలంటే అన్ని చేసుకో.

ఇక రెండో మాట. పెద్దది పెట్ట, చిన్నది పుంజు, చూస్తే ఎవరో గుర్తొచ్చారు. ఏమే, నీ చదువు ఇందుకా? మా నాన్న పొట్టివాడే. మా అమ్మ నడుస్తుంటే ఎండపూట ఆవిడ నీడలో నడిచేవాడని ఊరంతా అనేది. పెళ్లిలో మా మేనమామ ఫితాహి, "ఇది జోడీ కాదు, ఏనుగుకు ఎలకను కట్టారు" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరు అంటే అననీ. నువ్వు మా అమ్మ చేతి కూడు తిని పెరిగినదానివి. మీ అమ్మ పోయాక నిన్ను వీపున కట్టుకుని మోసింది ఆ ఏనుగే. రాజధానిలో కూర్చుని కాగితం మీద వెక్కిరిస్తావా?

ఇంకో సంగతి. ఆవు ఒక జాతి, ఎద్దు ఇంకో జాతి అని ఎవడైనా మా మందకు వచ్చి చీటీలు అంటిస్తే పశువుల దొంగలు కూడా నవ్వుతారు. ఆ తెల్లదొరలు ఎప్పుడూ పశువుల్ని కాయలేదా?

ఎద్దులు బాగున్నాయి. నల్ల మచ్చలదానికి కాలు వాచింది. అత్తకు నీ మీద కోపం లేదు, నాకు ఉంది.

కోపంతోనే,
మామ

*

అంతానానారివో,
25 జూలై

కోపిష్టి మామయ్యకు,

బస్తా అందింది. మెట్ల మీద జారి నా కాలి మీదే పడింది. మేడమ్ విప్పి చూసి, "మీ మామయ్యగారు చాలా ఉదారులు" అంది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

నేను వెక్కిరించలేదు. అమ్మమ్మ మీద ఒట్టు. నీకు ఎద్దుల భాషలో చెబితేనే ఎక్కేలా ఉంది. సముద్రం అవతల న్యూజిలాండులో మోవా అని ఇలాంటిదే ఒక పక్షి ఉండేది. అదీ పోయింది. దానికీ ఇలాగే పెద్ద ఎముకలకు ఒక పేరు, చిన్న ఎముకలకు ఇంకో పేరు పెట్టి ఎన్నో ఏళ్లు వేర్వేరుగా ఉంచారు. ఈ మధ్యనే ఎముకల లోపలి సంగతి పరీక్షించి చూస్తే తేలింది, పెద్దవన్నీ ఆడవి, చిన్నవన్నీ మగవి. మొగుడూ పెళ్లాలను తీసుకొచ్చి చెరో అరలో పెట్టారన్నమాట. మనవాటి సంగతీ అంతేనేమో చూడాలని నా తపన. కాకపోతే కాదని తేలినా సరే, తేలాలి.

దిబ్బల మీద ఏరిన పెంకులు పనికిరావు. ఏ ముక్క ఎంత గుడ్డుదో ఎవరికి తెలుసు? పగలని గుడ్డు ఉంటే అది ఎంత పెద్దదో, పెంకు ఎంత మందమో, ఎవరిదో మూడూ కలిపి చెప్పొచ్చు. అలాంటి గుడ్డు నాకు తెలిసి మనింట్లోనే ఉంది.

ఇంకో భయం కూడా ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. మన ఆచారం నీకు తెలుసు. మనిషి పోతే ఆ మనిషి ఇంటిని, ఇంట్లో ఉన్నదానితో సహా తగలబెడతాం. అమ్మమ్మ నూరేళ్లుండాలి. కానీ ఆ రోజు వస్తే గుడ్డు కూడా మంటలోకే కదా. దాన్ని ఆవిడ ఉండగానే ఇప్పించు మామయ్యా.

నీ కోడలు,
ఇంకా కుంటుతున్న
వులాసువ

*

మన ఊరు,
19 ఆగస్టు

కుంటి కోడలికి,

కోపం తగ్గింది. ఉత్తరం మీ అమ్మమ్మకు చదివి వినిపించాను, ఇల్లు తగలబెట్టే ముక్క తప్ప. ఆ ముక్క చదివితే ముందు నన్ను తగలబెట్టేది.

మొదట్లో ఆవిడ నాగజెముడు పళ్లను ముళ్లు పోయేలా ఇసుకలో రుద్దుతూ సగం చెవితో వింది. మోవా దగ్గరకు వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. "మొగుడూ పెళ్లాలను చెరో అరలోనా? ఎన్నాళ్లు?" అంది. చాలా ఏళ్లు అన్నాను. "ఎవరూ అడగలేదా?" అంది. చచ్చిన పక్షుల తరఫున ఎవరు అడుగుతారమ్మా అన్నాను. ఆ పూట తోడుపెట్టిన పాలు కూడా తాగలేదు.

మర్నాడు గుడ్డు సంగతి కదిపాను. "అది నాతో రావాలి" అంది. ఎక్కడికమ్మా అంటే, "నేను పోయేచోటికి" అంది. ఎందుకని అడిగితే చెంబు విసిరింది. ఆ గుడ్డు మా నాన్న తుపాను వెలిసిన మర్నాడు దిబ్బల్లో చూసి, దుప్పట్లో చుట్టి, బిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. అది ఆయన పొట్ట కంటే పెద్దదని ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. కరువు కాలంలో అందులోనే నీళ్లు దాచేవాళ్లు. ఆయన పోయినప్పుడు ఇల్లు తగలబెట్టాం కదా, అంటించకముందే ఆ గుడ్డును ఒళ్లో పెట్టుకుని బయటికొచ్చేసింది. ఎవరి మాటా వినలేదు. కొత్త ఇంట్లో ఈశాన్య మూల, పోయిన పెద్దల మూలలో పెట్టుకుంది. అప్పటినుంచి దాన్ని ఎవరూ తాకలేదు.

ఆవిడకు ఇంకో అనుమానం వచ్చింది. "ఈ పిల్ల ఎవడో పొట్టివాణ్ణి చూసుకుంది. ఉన్నదున్నట్టు చెప్పలేక మా ఇద్దరి పేరు, పక్షుల పేరు చెప్పి దారి వేస్తోంది. పొట్టివాడైనా పరవాలేదని రాయి" అంది. రాశాను. ఎవడు వాడు? పశువులున్నాయా?

మామ

*

అంతానానారివో,
3 సెప్టెంబరు

మామయ్యకు,

పొట్టివాడు లేడు. పొడుగువాడూ లేడు. ఉన్నా నీకు చెప్పను, చెబితే వాడి మూపురం కొలవడానికి వస్తావు.

గుడ్డు ఇవ్వనంటే బలవంతం చెయ్యను. పోనీ, ఒక చిన్న పని చేసిపెట్టు. దారం తీసుకుని గుడ్డు నడుముకు ఒకసారి, పొడుగ్గా ఒకసారి చుట్టి, ముడులు వేసి ఆ దారాలు పంపు. నీళ్లు పోసుకోవడానికి చేసిన బెజ్జం అంచు దగ్గర పొడి ఏదైనా రాలితే కాగితంలో చుట్టి పంపు. పనిముట్లు వద్దు, గీకొద్దు, సుత్తి మాట తలపెట్టొద్దు. నీ సంగతి తెలిసి చెబుతున్నాను. అక్టోబరు దగ్గరకొచ్చేసింది. ఇదీ కుదరకపోతే ఈ పని ఇంకెవరో, ఇంకెక్కడి గుడ్డుతోనో చేస్తారు.

చీకట్లో కొలవకు. కొలత తప్పుతుంది. వెలుతురులో పెట్టి చూడు.

వులాసువ

*

అంతానానారివో,
22 సెప్టెంబరు

మామయ్యా,

ఇవాళ బస్టాండులో డ్రైవరు రఫాలి తమ్ముడు కనిపించి చెప్పాడు. చావుకు పేల్చే తుపాకులు పేలాయట, ఫితాహి తాత మనుషులు ఎద్దుల్ని తోలుకుని వచ్చారట, మన వాకిలి నిండా జనమట. నాకు కబురు పంపే తీరిక కూడా నీకు దొరకలేదని అర్థమైంది. నిన్ను తప్పు పట్టడం లేదు.

ఇప్పుడు బయల్దేరినా ఈ పాడు రోడ్డు మీద నేను వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక ఎముకల గదికి వెళ్లాను. అక్కడైతే ఏడుపు ఎవరికీ వినపడదు.

గుడ్డు గురించి ఇంక అడగను. ఆవిడ తనతో రావాలంది కదా, ఇంటితో పాటే పోనివ్వు. నా కాగితాలు, ప్రయోగశాల వాళ్లు ఏమైపోయినా నాకు అక్కర్లేదు. ఒక్కటి మాత్రం రాయి. ఆవిడను తాతయ్య పక్కనే పెట్టారా? లేక ఫితాహి తాత మా ఆడపడుచు ఎముకలు మావంటూ పుట్టింటి గోరీలకు తీసుకుపోయాడా? నాకు ఇన్నాళ్లూ ఈ ప్రశ్న రాలేదు. పక్షుల గురించి అన్ని ప్రశ్నలు వేశాను, ఆవిడను ఒక్కసారీ అడగలేదు.

వచ్చేసే ముందు మాక్సిమస్ అరలోంచి ఒక తొడ ఎముక తీసి మీడియస్ పక్కన పెట్టాను. రుజువు లేదు, నాకు తెలుసు. మేడమ్ చూసింది. రేపు పొద్దున తీసేద్దాంలే అంది.

అత్తను చూసుకో.

వులాసువ

*

మన ఊరు,
1 అక్టోబరు

అమ్మా వులాసువా,

మీ అమ్మమ్మ బతికే ఉంది. ముందు ఆ ముక్క ఇంకోసారి చదువుకో. ఇదిగో నా ఎదుట కూర్చుని చిలగడదుంప తింటూ, "తిట్టి రాయరా వెధవా, పిల్లను ఏడిపించావు" అంటోంది. తిట్టవలసింది నన్నేనని ఒప్పుకుంటున్నాను. కానీ సగం తప్పు నీది. వెలుతురులో కొలవమన్నావు.

ఆవిడ త్సిహుంబే సంతకు వెళ్లిన రోజు చూసుకున్నాను. దుమ్ము పడకుండా గుడ్డును తెల్లగుడ్డలో చుట్టాను. అత్త వద్దు వద్దంటూ ఏడుస్తూనే ఉంది. ఇద్దరం రెండు వైపులా పట్టుకుని వాకిట్లో చాప మీద దించాం. ముళ్లకంచె అవతల పక్కింటి ముసలి హవువ మేకకు గడ్డి వేస్తోంది. చూసింది. పెద్దల మూలలో వస్తువు బయటికొచ్చింది, తెల్లగుడ్డ కప్పి ఉంది, ఇంటి కోడలు ఏడుస్తోంది. నీకు రాజధాని వెళ్లాక మరుపొచ్చిందేమో గాని, ఆ మూల కదిలేది ఇంటి మనిషి పోయినప్పుడే. నేను దారం చుట్టే పనిలో పడి ఆ సంగతే మరిచిపోయాను. హవువ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఒక్క కేక వేసింది.

ఇక చూసుకో. "అమ్మకేం కాలేదు, సంతకు వెళ్లింది" అన్నాను. "పాపం, పిచ్చెక్కింది" అని నలుగురు పట్టుకున్నారు. బతికే ఉందని నేను అన్నకొద్దీ జనం ఇంకా ఎక్కువ ఏడ్చారు. ఎవడో నాకు సారా పోశాడు. తుపాకులు పేలాయి. పొద్దు వాలేలోపు ఫితాహి మామ మనుషులతో, ఎద్దులతో దిగాడు. దిగుతూనే, "అక్క ఎముకలు మావి. పుట్టింటి గోరీలకు తీసుకుపోతాం" అన్నాడు. మా నాన్న వైపు వాళ్లు కర్రలు తీశారు. శవం ఉందా లేదా అని లోపలికి తొంగిచూసినవాడు ఒక్కడూ లేడు. గొడవలో అది ఎవరికి గుర్తుంటుంది?

అప్పుడు సంత నుంచి మీ అమ్మమ్మ ఎడ్లబండి దిగింది. వాకిలి నిండా జనం, ఏడుపులు. మన వాకిట్లో ఏడుస్తున్నారంటే పోయింది మనవాళ్లే కదా. తల మీద గుడ్డ కప్పుకుని ఆడవాళ్ల వెనక కూలబడి తనూ ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ గొంతు నీకు తెలుసు, అందరి కంటే బాగా ఏడ్చింది. కాసేపయ్యాక పక్కనున్న హవువను మోచేత్తో పొడిచి, "ఎవరే పోయింది?" అంది. హవువ తిరిగి చూసి అక్కడే పడిపోయింది. ఇప్పుడు బాగానే ఉంది.

నేననుకున్నాను, ఇంక నాకు మూడిందని. మీ అమ్మమ్మ నావైపు చూడలేదు. చాప మీద గుడ్డును చూసింది. తర్వాత ఫితాహి మామను చూసింది. లేచి నిలబడింది. ఆవిడ లేచి నిలబడితే ఎలా ఉంటుందో తెలుసు కదా, కర్రలు వాటంతటవే దిగాయి.

"తమ్ముడూ, నేను పోయానని ఎద్దుల్ని తోలుకొచ్చావా?"

"అవునక్కా," అన్నాడు ఆయన.

"అయితే పోయినట్టే. మన వంశంలో బతికున్నదాని గోరీ మాట బతికుండగా ఎత్తకూడదు. పోయాక దానికి నోరుండదు. ఇన్నేళ్లూ నేను నోరు మూసుకున్నది అందుకే. ఇవాళ నాకు చావూ ఉంది, నోరూ ఉంది. పోయినదాని మాట కాదనే మగాడు ఎవడైనా ఉంటే ముందుకు రావాలి."

ఎవడొస్తాడు?

"నన్ను నా పొట్టాయన పక్కన పెట్టండి. రాజధానిలో పెద్ద చదువులవాళ్లు ఒక జంటను చెరో అరలో పెట్టి, ఇప్పుడు ఎలా కలపాలా అని మా మనవరాలి ప్రాణం తోడుతున్నారు. పెద్దదీ చిన్నదీ ఒక జాతి కాదనుకున్నారట. నువ్వు నా పెళ్లిలో అన్నది అదే మాట. వాళ్లు రాళ్లయిపోయిన ఎముకల్ని చూసి పొరపడ్డారు. నువ్వు నన్ను కళ్లారా చూశావు. నీకేం వచ్చిందిరా?"

ఫితాహి మామ తల దించుకున్నాడు. చివరికి అన్నాడు, "సరే అక్కా. కానీ ఆ గోరీలో నువ్వు దిగితే మా బావ నలిగిపోతాడు."

"బతికుండగా నలగలేదు, ఇప్పుడు నలుగుతాడా?" అంది. ఏడవడానికి వచ్చిన జనం నవ్వడం మొదలుపెట్టారు, ఆపడం ఎవరి వల్లా కాలేదు. రెండు వైపుల పెద్దలూ నేల తాకి ఒప్పుకున్నారు. ఎద్దును అప్పటికే కోసేశారు కాబట్టి తిన్నాం. తన చావు కూడు తను తిన్న మనిషి ఈ తీరంలో మీ అమ్మమ్మ ఒక్కతే. ఎముక చుట్టూ మాంసం సరిగా ఉడకలేదని వంక కూడా పెట్టింది.

నీకు వెంటనే రాద్దామనుకుంటే బస్సు లేదు. తర్వాతి బస్సులో నీ ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాను, ఈసారి ఏదీ దాచలేదు. ఆవిడ రెండోసారి చదవమంది. ఎముకను తీసి పక్కన పెట్టానన్న చోట, "ఆగు, అది మళ్లీ చదువు" అంది. తర్వాత లోపలికి వెళ్లి గుడ్డు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నీతో రావాలన్నావుగా అమ్మా," అన్నాను.

"మా అన్నదమ్ములు నన్ను ఎత్తుకుపోతారు, ఆయన ఇక్కడ, నేను అక్కడ, కనీసం ఆయన తెచ్చింది నాతో ఉంటుందనుకున్నాను. ఇప్పుడు ఆయనే పక్కన ఉంటాడు. గుడ్డు నాకెందుకు? పిల్లకు పంపెయ్," అంది. అలా అని, ఇంత పెద్ద మనిషీ నా ఎదుటే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నీకు చెప్పడానికి సిగ్గులేదు.

ఎండుగడ్డి పరిచిన బుట్టలో పెట్టి, రఫాలి భార్య ఒళ్లో కూర్చోబెట్టి పంపిస్తున్నాను. దించితే కాళ్లు విరగ్గొడతానని చెప్పాను. మీ అమ్మమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. గుడ్డుకు చీటీ అంటిస్తారు కదా, దాని మీద "త్సిరాసు తెచ్చాడు, సువజార దాచింది" అని ఇద్దరి పేర్లూ ఒకే చీటీ మీద ఉండాలట. రెండు చీటీలు అంటిస్తే వచ్చి వెనక్కి తీసుకుంటుందట. వస్తుంది కూడా, నీకు తెలుసు.

తిట్లు తిన్న
మామ

తా.క.: పొట్టివాడి సంగతి ఆవిడ మరిచిపోలేదు.

*

అంతానానారివో,
14 అక్టోబరు

అమ్మమ్మకు, చదివి వినిపిస్తున్న మామయ్యకు,

గుడ్డు పగలకుండా చేరింది. నేను బుట్ట విప్పుతుంటే మేడమ్ రెండు చేతులూ బుట్ట కింద పట్టుకుని నిలబడింది. బెజ్జం దగ్గర ముక్కు పెట్టి చూశాను, మన ఇంటి పొగ వాసన ఇంకా ఉంది.

ప్రయోగశాల వాళ్లు గోరంత గీకి తీసుకెళ్లారు. జవాబు రావడానికి చాలా నెలలు పడుతుందట. నా అనుమానం తప్పని తేలినా తేలొచ్చు. అప్పుడు ఆ పక్షులు మళ్లీ చెరో అరలోకి వెళతాయి, నేనే పెట్టాలి. మీ సంగతి మాత్రం తేలిపోయింది కదా, నాకు అది చాలు.

చీటీ దగ్గర చిన్న గొడవైంది. ఒక వస్తువుకు ఒక పేరే రాయాలని ఇక్కడి నియమం. తెచ్చినవాళ్ల పేరు రాస్తారు, దాచినవాళ్లది రాయరు. నేను ఒప్పుకోలేదు. దాచకపోతే ఇది ఉండేదే కాదు కదా అన్నాను. మేడమ్ నవ్వి, చోటు ఉంటే రాసుకో అంది. చీటీ చిన్నది. ఎలాగో ఇద్దరినీ పట్టించాను.

అమ్మమ్మ పేరు పెద్ద అక్షరాల్లో, తాతయ్య పేరు పక్కనే చిన్న అక్షరాల్లో రాశాను.

వులాసువ